‘బుడ్డలు’ అని వెతికితే: ఆన్‌లైన్ అంగడి శోధనలో పర్యాయపదాలు

నంద్యాల జిల్లా ఆత్మకూరు ప్రాంతపు వాడుకలో వేరుశనగ కాయలు ‘బుడ్డలు’. అనంతపురం, కడప వైపు అవే చెనిక్కాయలు; తెలంగాణలో పల్లీలు. ఆన్‌లైన్ అంగడిలో సరుకు ‘వేరుశనగ గుళ్ళు’ అన్న పేరుతో మాత్రమే నమోదై ఉంటే, ‘బుడ్డలు’ అని వెతికిన కొనుగోలుదారుకు ఏమీ కనిపించదు. సరుకూ ఉంది, కొనేవారూ ఉన్నారు, మాట కలవలేదు.

పదాధారిత శోధన వ్యవస్థ పోల్చేది అర్థాన్ని కాదు, అక్షరాల వరుసను. పుస్తకం చివరి పదసూచిక వలె, ఏ పదం ఏ వస్తువు పేరులో ఉన్నదో అది ముందే రాసి పెట్టుకుంటుంది. సూచికలో లేని పదానికి పర్యాయపదాల పట్టికే దిక్కు. ఈ పట్టికను పైడిపాటి లక్ష్మణకవి ‘ఆంధ్రనామసంగ్రహము’ వంటి పర్యాయ నిఘంటువుతో పోల్చవచ్చు గాని, ఆ పోలిక కొంతదూరమే సాగుతుంది. నిఘంటువు చదివేవారికి సందర్భం తెలుసు. పట్టికను వాడే యంత్రానికి తెలియదు.

‘శనగ’నే తీసుకోవచ్చు. శనగపప్పు, శనగపిండి పప్పుశనగ నుంచి వచ్చేవి. శనగనూనె మాత్రం వాడుకలో వేరుశనగ నూనె. ‘శనగ, పల్లీ సమానం’ అని పట్టికలో రాస్తే శనగపిండి అడిగినవారికి పల్లీపొడి ఎదురవుతుంది. రాయకపోతే పల్లీనూనె అడిగినవారికి శనగనూనె కనబడదు. కనుక సమానత్వాన్ని విడిపదానికి కాక సమాసం మొత్తానికి కల్పించాలి: శనగనూనె, వేరుశనగనూనె, పల్లీనూనె ఒక సమితి. తెలుగులో వీటిని కలిపీ రాస్తారు, విడదీసీ రాస్తారు. విడదీస్తే యంత్రానికి అవి రెండు పదాలు. రెండు రూపాలనూ పట్టికలో చేర్చక తప్పదు. సంబంధం అన్నివేళలా ఇరువైపులా సాగదు కూడా. వంటనూనె అడిగితే శనగనూనె చూపవచ్చు. శనగనూనె అడిగినవారికి పొద్దుతిరుగుడు నూనె చూపరాదు.

అసలు చిక్కు ప్రాంతభేదంతో వస్తుంది. కోస్తాలో ‘ఆనపకాయ’ సొరకాయ. రాయలసీమలో ‘అనపకాయ’ చిక్కుడు జాతి కాయ, దాని గింజలే అనపగింజలు. రోమన్ లిపిలో టైపు చేస్తే దీర్ఘం జారిపోయి రెండూ ఒకటవుతాయి. ఆ ఒక్క రూపానికి రెండు జతలూ తగిలిస్తే సొరకాయకు అనపగింజలు పర్యాయంగా తేలతాయి! సరుకు చేరవలసిన చిరునామాను బట్టి అర్థాన్ని ఎంచడం దీనికి కొంత విరుగుడు. అయితే ఊరిపేరు చాలదు. ఆత్మకూర్లు నెల్లూరు, అనంతపురం, వనపర్తి జిల్లాల్లోనూ ఉన్నాయి, పిన్‌కోడ్ కావాలి.

ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తించి నమోదు చేసే పద్ధతి తెలుగుకు కొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటం చేసిన పని అదే. అంగడి పట్టికలు తయారుచేసేవారు అనువాద యంత్రాలకంటే ముందు తెరవవలసినది అటువంటి కోశాన్ని. పరిశోధకులకు ఇందులో ఎదురు లాభమూ ఉంది: ఫలితం దొరకని శోధనల చిట్టా చేతికందితే, కోశాలకెక్కని నేటి మాండలిక పదాలు పిన్‌కోడ్‌తో సహా అందులో కనిపిస్తాయి.