ఐసీయూలో మొదలై ఇంటిదాకా వచ్చే ‘గ్యాస్ మాత్ర’

ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయినవారి మందుల చీటీలు తీసి చూస్తే, జబ్బు ఏదైనా సరే, ఒక పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పాంటోప్రజోల్. కాకపోతే ఒమెప్రజోల్, రాబెప్రజోల్. జనం నోట అన్నీ ‘గ్యాస్ మాత్ర’లే. పొద్దున్నే పరగడుపున వేసుకోమని చెబుతారు. ఎన్నాళ్లు వేసుకోవాలో చాలా చీటీల మీద ఉండదు.

ఇవి గ్యాస్‌ను పోగొట్టే మందులు కావు. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని బాగా తగ్గించేవి. ఐసీయూలో వీటిని వాడటానికి గట్టి కారణమే ఉంది. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి జీర్ణాశయపు లోపలి పొరకు రక్తం సరిగా అందదు. ఆ పొర బలహీనపడిన చోట ఆమ్లం తగిలి పుండ్లు పడతాయి, నెత్తురు కారుతుంది. ఒళ్లు కాలినవారికి చిన్నపేగు మొదట్లో పడే ఇలాంటి పుండ్ల గురించి లండన్ సర్జన్ థామస్ కర్లింగ్ 1842లోనే రాశారు.

అయితే ఈ ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. కెనడాలో డెబోరా కుక్ బృందం ఐసీయూల్లోని 2,252 మందిని పరిశీలించి 1994లో ఫలితాలు ప్రకటించింది. 48 గంటలకు మించి వెంటిలేటర్ మీద ఉన్నవారు, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారు కలిపి 847 మంది. వారిలో 31 మందికి తీవ్ర రక్తస్రావమైంది. ఈ రెండూ లేని 1,405 మందిలో అలా జరిగింది ఇద్దరికే. మందు ఎవరికి అవసరమో ఈ అంకెలే చెబుతున్నాయి. మూడు దశాబ్దాల తర్వాత, 2024లో, కుక్ ఆధ్వర్యంలోనే వెంటిలేటర్ మీదున్న 4,821 మందితో పెద్ద పరీక్ష జరిగింది. పాంటోప్రజోల్ ఇచ్చినవారిలో తీవ్ర రక్తస్రావం 1 శాతానికి, ఇవ్వనివారిలో 3.5 శాతానికి వచ్చింది. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

చిక్కు వచ్చేది ఆ తర్వాతే. రోగి కోలుకుని వార్డుకు మారతాడు, అన్నం తింటాడు, నడుస్తాడు. ముప్పు పోయినా మందు పోదు. ఐసీయూలో రాసింది వార్డు షీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. జ్వరంతోనో ఆయాసంతోనో నేరుగా వార్డులో చేరినవారికీ అలవాటుగా రాసేస్తుంటారు. ముప్పు లేనివారికి వార్డుల్లో ఈ మందు రాయవద్దని అమెరికాలోని ఆస్పత్రి వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది.

అనవసరంగా వాడితే నష్టమేమిటి? ఆమ్లం క్రిములను చంపే కాపలాదారు కూడా. అది తగ్గితే పేగుల ఇన్‌ఫెక్షన్లకు దారి దొరుకుతుంది. మూత్రపిండాలు దెబ్బతినే అవకాశం గురించి మందుతో వచ్చే కాగితంలో హెచ్చరిక ఉండాలని 2019లో భారత ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. ఇంకో చిక్కు, వాడి ఆపగానే ఆమ్లం ఎదురుతన్నడం. డెన్మార్క్‌లో ఏ కడుపు బాధా లేని 120 మందితో ఒక పరీక్ష చేశారు. ఎనిమిది వారాలు అసలు మందు వాడి ఆపినవారిలో 44 శాతానికి మంట, పులితేన్పులు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 15 శాతానికే. మంట రాగానే జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర కొనుక్కుంటారు. ఈ సుడిలోకి మామూలు మనిషిని తోసేది ఆస్పత్రి చీటీయే కావడం బాధాకరం.

దిద్దుబాటు కష్టమేమీ కాదు. మందు రాసేటప్పుడే ఎందుకో, ఎప్పటిదాకానో పక్కన రాయాలి. ఐసీయూ నుంచి బయటికి పంపేనాడు, డిశ్చార్జ్ నాడు ఇంకోసారి చూడాలి. డాక్టర్ల రౌండ్స్‌లో క్లినికల్ ఫార్మసిస్టు ఉంటే ఆ పని తేలిక. అలాంటి ఫార్మసిస్టులను తయారుచేసేందుకు దేశంలో 2008లో మొదలైన ఫార్మ్-డి కోర్సు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కాలేజీల్లో ఉంది. అది చదివినవారిని వార్డుల్లోకి తీసుకురావాల్సిన అవసరం చాలా ఉంది.

గుండెకు స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ వాడుతున్నవారికి, గతంలో కడుపులో పుండు పడి నెత్తురు కక్కినవారికి, పెద్దవయసులో రోజూ నొప్పి మాత్రలు మింగేవారికి చాలాసార్లు ఈ మందు రక్షణే. వారు సొంతంగా ఆపకూడదు. మిగతావారు డిశ్చార్జ్ కాగితం చేతికి అందుకునేటప్పుడు, “ఇది ఎన్ని రోజులు వాడాలి డాక్టరుగారూ?” అని అడిగి, చెప్పిన తేదీని మాత్ర పేరు పక్కనే రాయించుకోవచ్చు.