బొద్దుతనమెల్ల పుష్టి కాదు

వరిపైరు నల్లగా నిగనిగలాడినంత మాత్రమున గింజ నిండునని అనుభవముగల రైతెవ్వడును నమ్మడు. యూరియా మితిమీరినచో ఆకు ఏపుగా పెరుగును, తెగులు సోకును, గాలి వీచినంతనే చేను పడిపోవును. ఈ సంగతి చేనియందు మన మందఱ మెఱుగుదుము. ఇంటి బిడ్డ విషయమున మాత్రము మఱచి, బొద్దుగా నున్నవానిని జూచి పుష్టిగా నున్నాడని మురిసెదము.

మేమును ఈ పొరపాటు చేసినవారమే. పట్టణమునుండి వచ్చునపుడెల్ల మా చిన్నవానికి బిస్కత్తుల పొట్లము తెచ్చుచుంటిమి. వాడు మా సంచి వెదకుట మాకు ముద్దుగా నుండెడిది. ఆఱవయేట వాడు మాతో చేనికి వచ్చుచు, సగము గట్టుననే ఆయాసపడి కూర్చుండెను. ఆరోగ్యకేంద్రమున తూచి, కొలిచి, పొడవునకు తగినదానికంటె బరువు హెచ్చని చెప్పిరి. తప్పు వానిది కాదు; సంచి మోసిన మాది.

మన దేశమున చిక్కిపోయిన బిడ్డలే నేటికిని అధికులు. అయినను ఐదేండ్లలోపు పిల్లలలో అధిక బరువుగలవారు 2015-16లో నూటికి 2.1 కాగా, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 3.4గా తేలిరి. బాల్యపు స్థూలకాయము పెద్దతనమునకును సాగుట తఱచు. మధుమేహము, రక్తపుపోటు దాని వెంటవచ్చును. ఉదయము పాలు కేంద్రమున పోసి, ఆ పైకముతో సాయంకాలము తీపి బిస్కత్తులు కొనుట మనకు లాభమా? సభ్యులు యోచింపవలెను.

ఇంట పాటింపదగినవి:

1. ఆఱునెలలు నిండువఱకు తల్లిపాలే యీయవలెను. రెండేండ్లవఱకు పాలలోను జావలోను పంచదార కలుపకుడు.

2. బిడ్డ చాలునన్నప్పుడు ముద్ద కుక్కకుడు. ఆకలి తీరినది తెలిసికొను శక్తి వానికి పుట్టుకతోనే గలదు. మన బలవంతమున నది మొద్దుబాఱును.

3. సెల్‌ఫోను చూపుచు అన్నము పెట్టకుడు. రెండు మొదలు నాలుగేండ్లవారికి తెర చూచుట దినమునకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. ఆ వయసున మూడు గంటలైనను ఆటపాటలు, రాత్రి చాలినంత నిద్ర వలయును.

4. 200 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 20 గ్రాముల చక్కెర యుండును. దాహమునకు మంచినీరు, మజ్జిగ చాలును.

5. బరువు హెచ్చినదని బిడ్డను పస్తుంచకుడు, ఎగతాళి చేయకుడు. పప్పు, కూర, గ్రుడ్డు తగ్గింపరాదు; ఎదుగు బిడ్డకు అవి యావశ్యకములు.

మా యింట బిస్కత్తులు మాని జామపండ్లు తెచ్చితిమి. మొదటివారము వాడేడ్చెను, వాని నాయనమ్మ మాపై కోపించెను. వానికి వలదన్నది పెద్దలమును తినమని నిశ్చయించుకొన్న పిమ్మటనే వాని పోరు తగ్గెను. ఏడాదిలో పొడవు పెరిగెను, బరువు నిలిచెను. ఇపుడు చివరిగట్టు వఱకు మాకంటె ముందుగా పరుగెత్తుచున్నాడు. పెద్దలు నడచిన చాలుననే పిల్లలు నడతురు గావున, ముందు మన సంచులను సరిచూచుకొందము.