వార్డు గీత మారితే మన ఓటు ఏమవుతుంది?

కూర్మన్నపాలెం: కార్పొరేషన్ ఎన్నికలంటే అందరి చూపు అభ్యర్థుల మీదే ఉంటుంది. కానీ అభ్యర్థి కంటే ముందే తేలిపోయే విషయం ఒకటుంది. అదే వార్డు హద్దు. మన వీధి ఏ వార్డులోకి వెళ్తుంది, పక్క వీధి మనతో ఉంటుందా విడిపోతుందా అన్నది కాగితం మీద గీసే ఒక గీతతో ఖరారవుతుంది. ఆ గీత మీద మాట్లాడే అవకాశం మాత్రం కొన్ని రోజులే ఉంటుంది.

విశాఖలో ఈ గీతలు ఇప్పటికే చాలాసార్లు మారాయి. 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి జీవీఎంసీ ఏర్పాటు చేశారు. 2007లో 72 వార్డులకు ఎన్నికలు జరిగాయి. ఆ కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు కార్పొరేటర్లు లేరు, అధికారుల పాలనే నడిచింది. ఈలోగా భీమిలి, అనకాపల్లి కూడా కలిశాయి. వార్డులు 98 అయ్యాయి. 2021 మార్చి 10న పోలింగ్ జరిగింది. అప్పుడు వచ్చిన కౌన్సిల్‌కు ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే.

గీత ఎలా గీస్తారు?

వార్డుల విభజనకు లెక్క ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. అదీ చివరిసారి ప్రచురించిన జనగణన ప్రకారం, అంటే 2011 లెక్క. అప్పుడు ఖాళీ స్థలాలుగా ఉన్నచోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచినా పాత అంకెలే ఆధారం. వార్డులన్నీ జనాభాలో దాదాపు సమానంగా ఉండాలి, పది శాతం అటూ ఇటూ పర్వాలేదు. సగటు 20,000 అనుకుంటే ఒక వార్డు 18,000 నుంచి 22,000 వరకు ఉండొచ్చు. రోడ్డు, రైల్వే లైను, గెడ్డ లాంటివి హద్దులుగా తీసుకుంటారు.

ముందు ముసాయిదా వస్తుంది. దాని మీద అభ్యంతరాలు తీసుకుంటారు. వాటిని పరిశీలించాక ప్రభుత్వం తుది ఉత్తర్వు ఇస్తుంది. తర్వాత వార్డుల వారీగా ఓటర్ల జాబితా, రిజర్వేషన్లు ఖరారవుతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వార్డు సచివాలయం వేరు, ఎన్నికల వార్డు వేరు. ఒక ఎన్నికల వార్డులో చాలా సచివాలయాలు ఉంటాయి. సచివాలయం మారలేదు కదా అని ధీమాగా ఉండకూడదు.

మనకెందుకు పట్టాలి?

కార్పొరేషన్‌లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళలకు రిజర్వుడు వార్డులుంటాయి. మతం ఆధారంగా రిజర్వేషన్ లేదు. కో-ఆప్షన్ సభ్యుల్లో మైనారిటీలకు చోటుంది కానీ, కౌన్సిల్‌లో వాళ్లకు ఓటు ఉండదు. కాబట్టి ముస్లిం కుటుంబాల మాటకు బరువు రావాలంటే దారి మామూలు వార్డు ఓటే.

ఒక లెక్క చూద్దాం. ఒక బస్తీలో 2,000 ముస్లిం ఓట్లున్నాయి. అవన్నీ ఒకే వార్డులో ఉంటే, కొన్ని వందల ఓట్ల తేడాతో గెలుపోటములు తేలే చోట ఏ పార్టీ అభ్యర్థి అయినా ఆ బస్తీకి రావాల్సిందే. ఖబరస్తాన్ గోడ, మసీదు వీధి కాలువ, ఉర్దూ స్కూల్ గది గురించి జవాబు చెప్పాల్సిందే. అవే ఓట్లను మూడు వార్డుల్లోకి పంచితే ఎక్కడా 700 దాటవు. ఎవరి ఓటూ పోలేదు, కానీ బలం పోయింది. అలాగని ప్రతి మార్పు వెనుక కుట్ర ఉందనుకోవడం కూడా సరికాదు. జనాభా సమానం చేయడానికి ఎక్కడో ఒకచోట గీత జరపక తప్పదు. అది న్యాయంగా జరిగిందా అని చూసుకోవడమే మన పని.

హైదరాబాద్ అనుభవం

2025 డిసెంబర్‌లో జీహెచ్ఎంసీని 150 నుంచి 300 వార్డులుగా విభజించినప్పుడు ముసాయిదా మీద వేల అభ్యంతరాలు వచ్చాయి. జనాభా వివరాలు, మ్యాపులు బయట పెట్టకపోతే జనం ఏం చూసి అభ్యంతరం చెప్పాలన్న ప్రశ్న హైకోర్టు దాకా వెళ్లింది. గడువు పెరిగింది, అదీ రెండు రోజులే. తుది ఉత్తర్వు వచ్చాక కోర్టుకెళ్లడం ఇంకా కష్టం. వార్డుల విభజన చట్టాలను కోర్టులో ప్రశ్నించకుండా రాజ్యాంగంలోని 243-జెడ్‌జీ అధికరణ అడ్డుకుంటుంది.

ముసాయిదా వచ్చిన రోజున

మొదట మీ వార్డుకు నాలుగు దిక్కుల హద్దులు చదవండి. మీ వీధి, మసీదు వీధి, పిల్లల స్కూలు ఏ వార్డులో పడ్డాయో చూడండి. ఒకే వీధిని రెండుగా చీల్చారా, సగటు కంటే జనాభా బాగా ఎక్కువో తక్కువో ఉందా గమనించండి.

అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. "ఫలానా రోడ్డును హద్దు చేస్తే ఫలానా వీధులు కలిసే ఉంటాయి, జనాభా పది శాతం పరిమితిలోనే ఉంటుంది" అని రాస్తే జవాబివ్వాల్సి వస్తుంది. హిందూ, క్రైస్తవ ఇరుగుపొరుగుతో కలిసి సంతకాలు పెడితే అది వీధి సమస్య అవుతుంది, ఒక వర్గం ఫిర్యాదుగా మిగలదు. కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.

తర్వాత ఓటర్ల జాబితాలో ఇంట్లో అందరి పేర్లూ ఒకే వార్డులో ఉన్నాయా చూసుకోవాలి. పెళ్లయి వచ్చిన కోడళ్లు, అద్దె ఇల్లు మారినవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి. జుమా నమాజు తర్వాత మసీదు కమిటీ పది నిమిషాలు కేటాయించి ముసాయిదా చదివి వినిపిస్తే, మహల్లా మొత్తానికి విషయం చేరుతుంది.