నడుముకు మంచం మందు కాదు!

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. అదే గడ్డమీద ధాన్యం బస్తా ఎత్తబోయి ‘నడుం పట్టేసింది’ అంటూ కూలబడేవారూ ఎందరో! తేడా బలంలోనే కాదు, ఎత్తే పద్ధతిలోనూ ఉంది.

జారేది డిస్కు కాదు

వెన్నుపూసల మధ్య దిండ్లలా ఉండేవే డిస్కులు. లోపల మెత్తటి గుజ్జు, చుట్టూ గట్టి పీచు పొరలు. పొర బలహీనపడితే గుజ్జు పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతుంది. నొప్పి పిరుదు నుంచి పాదం దాకా లాగుతుంది. అదే సయాటికా. చాలామందిలో ఇది ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. పొడుచుకొచ్చిన గుజ్జును చాలాసార్లు శరీరమే కరిగించుకుంటుంది.

ఎన్నాళ్లు పడుకోవాలి?

రెండు రోజులు చాలు. నడుంనొప్పి బాధితులపై 1986లో అమెరికాలో వెలువడిన అధ్యయనంలో, వారం విశ్రాంతి చెప్పినవారికన్నా రెండు రోజులే చెప్పినవారు త్వరగా పనిలోకి వెళ్లారు. కోలుకోవడంలో మాత్రం తేడా లేదు.

ఏ వ్యాయామాలు?

డాక్టరు పరీక్షించాక, ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయాలి.

* బోర్లా పడుకుని మోచేతులపై ఛాతీ లేపడం. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకంజీ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కాలినొప్పి నడుంవైపు వెనక్కి వస్తే మంచి సూచన. పాదంలోకి దిగితే ఆపేయాలి.
* నొప్పి తగ్గాక వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం.
* రోజూ కాసేపు నడక.

కరెంటు పెట్టించుకోవడం, ట్రాక్షన్ వంటివి మహా అయితే తాత్కాలిక ఉపశమనమే. పిల్లలతో నడుం తొక్కించుకోవడం అసలే వద్దు.

వాకిలి కాస్త ఆగాక...

రాత్రంతా డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. లేవగానే వంగితే వాటిపై ఒత్తిడి ఎక్కువ. డిస్కు సమస్య ఉన్నవారు వాకిలి ఊడ్వడం, కళ్లాపి చల్లడం ఓ గంట ఆగి చేయడం మేలు. చీపురుకు పొడవాటి కర్ర కడితే ఇంకా మంచిది. బిందె అయినా బస్తా అయినా మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలి. ఎత్తుతూ నడుం తిప్పకూడదు.

ఆలస్యం వద్దు

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవకపోయినా వ్యాయామాలతో కాలయాపన చేయకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.