మిస్సమ్మను మళ్లీ చూశాము

మా చిన్ననాట సంఘములో సినిమా మాట ఎత్తితే పెద్దలు కళ్లెర్రజేసేవారు. సినిమా హాలు గుమ్మం తొక్కినవానికి ప్రభుబల్లలో పాలు ఉండదని కూడా భయపెట్టేవారు. నేడు ఆ హాలే ప్రతి ఇంటి టీవీలోనూ, ప్రతి పిల్లవాని చేతి ఫోనులోనూ ఉన్నది. వద్దని చెప్పి ఊరుకొనుటకంటె, కలిసి కూర్చుండి చూచి మాట్లాడుకొనుట మేలనిపించి, మొన్న వానాకాలమున కోరుట్లలో స్త్రీల సమాజపు కూడిక ముగిసిన తరువాత "మిస్సమ్మ" పెట్టాము.

1955లో విజయా వారు తీసిన చిత్రమిది. ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. బెంగాలీ రచయిత రవీంద్రనాథ్ మైత్ర నాటకము దీనికి మూలము. బి.ఏ. చదివి కొలువు దొరకని రావు (ఎన్.టి. రామారావు), అప్పుల బాధలోనున్న క్రైస్తవ యువతి మేరీ (సావిత్రి) భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక పల్లెటూరి బడిలో పంతుళ్లుగా చేరుతారు. భార్యాభర్తలిద్దరూ పట్టభద్రులైతేనే ఉద్యోగమని జమీందారు షరతు మరి.

ఇటువంటి కథే అమెరికాలో 1934లో ఫ్రాంక్ కాప్రా తీశాడు. ఇల్లు విడిచి వచ్చిన ధనవంతుని కుమార్తె, ఒక పత్రికా విలేఖరి ప్రయాణములో దంపతులమని చెప్పుకొని ఒకే గదిలో దిగుతారు. నడుమ తాడు కట్టి దుప్పటి వేలాడదీసి, దానికి ఆ విలేఖరి యెరికో గోడ అని పేరు పెడతాడు. చివరకు పెండ్లి అయిన తరువాతనే బూర ఊదుట, దుప్పటి పడుట. యెహోషువ గ్రంథము 6వ అధ్యాయము హాలీవుడ్ వారికి ఎక్కడ పనికివచ్చిందో చూడండి! ఆ రోజులలో ప్రేమకథకైనా ఒక హద్దుండెడిదని మా సంఘ పెద్ద ఒకరు మెచ్చుకొన్నారు. హద్దు ఉన్నమాట నిజమే. కాని అబద్ధముతో కొలువు సంపాదించుట సంగతి ఏమి? నవ్వుకొంటూ చూస్తాము గనుక ఆ ప్రశ్న మనకు తట్టదు.

మన స్త్రీలు నవ్వలేదు. అప్పు ఇచ్చిన డేవిడ్ (రమణారెడ్డి) మేరీని పెండ్లాడవలెనని వెంటబడే చోట బీడీలు చుట్టే ఒక తల్లి, "గిది నవ్వే ముచ్చటనా అయ్యగారూ? బాకీ కింద పిల్లనడిగితే మా అసుంటోళ్లు ఏం జెయ్యాలె?" అన్నది. కూడికకు సిరిసిల్ల నుండి వచ్చిన మరమగ్గాల కార్మికుని భార్య తల వంచుకొన్నది. ఆ నేత కుటుంబాలు అప్పులలో పడి ఎందరు మగవారిని పోగొట్టుకొన్నవో మనకు తెలిసినదే. డెబ్బది ఏండ్ల క్రిందటి హాస్యము ఆ గదిలో హాస్యముగా నిలువలేదు.

మేరీ మరియమ్మకు ప్రార్థించే పాట వచ్చినప్పుడు పిల్లలు మా ముఖము చూచారు. మన సంఘములలో అట్లు చేయము గదా! సినిమా వారికి క్రైస్తవులందరూ ఒకటే. మిస్సమ్మ అన్నా అంతే. మన పాతతరము వారికి ఆ మాట వింటే బడి పెట్టిన, మందిచ్చిన మిషనరీ స్త్రీ జ్ఞాపకము వస్తుంది.

అసలు చిక్కు చివరలో ఉన్నది. మేరీ పుట్టుకతో క్రైస్తవురాలు కాదట. చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కుమార్తె మహాలక్ష్మియట. ఆ సంగతి తేలగానే పెండ్లికి ఏ అడ్డమూ లేకపోయింది. మేము కుర్రతనములో చూచినప్పుడు ఇది హాయిగా తోచింది. ఇప్పుడు తోచలేదు. ఇన్నేండ్లు ఆమె చేసిన ప్రార్థన ఏమైనది? పెంచిన తల్లిదండ్రుల మాట ఏమి? పుట్టుక తెలిసినంతనే విశ్వాసము చీర మార్చినట్లు మారిపోవునా? యోహాను సువార్త 1వ అధ్యాయము 12, 13 వచనములు తెరచి, దేవుని పిల్లలగుట రక్తసంబంధము వలన కాదని మేము కొంత గట్టిగానే చెప్పాము. సినిమా తీసినవారిని కొంచెము నిందించాము కూడా.

అప్పుడు వెనుక కూర్చున్న ఒక తల్లి నెమ్మదిగా అడిగింది: "మరి మన సంఘంల సంబంధం మాట్లాడేటప్పుడు మొదలు ఏమడుగుతున్నరు అయ్యగారూ? 'అసలు మీరు ఏమోళ్లు?' అనే గదా?"

మాకు జవాబు రాలేదు. ఎందుకనగా ఆ ప్రశ్నను మోసుకొని పోయినది మేమే. అంతకు రెండు నెలల ముందు ఒక వరుని తండ్రి కోరగా జగిత్యాలలో ఒక ఇంటికి వెళ్లాము. ఆ పిల్ల తల్లిదండ్రులు బాప్తిస్మము పొంది పదునెనిమిది ఏండ్లు. పిల్ల సండే స్కూలు చెప్పును, నర్సు చదివినది. అవేవీ వరుని వారికి చాలలేదు. తాత ఏ కులమో కనుక్కొని రమ్మన్నారు. మేము కనుక్కొని వచ్చాము. సంబంధము తప్పిపోయింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అమ్మగారితో ఈ మాట చెప్పగా, "జమీందారు ఇంటిలో ఆ పిల్ల వంశము వెదికింది డిటెక్టివ్ నాగేశ్వరరావు. మన దగ్గర ఆ పని పాస్టరు గారు చేస్తున్నారు" అన్నది. నవ్వుతూనే అన్నది గాని, మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు వరుని తండ్రికి కబురు పంపాము, ఇక అటువంటి విచారణకు మమ్మును పిలువవద్దని. ఆయన ఇంకను కోపముగానే ఉన్నారు. జగిత్యాల ఇంటికి క్షమాపణ చెప్పుటకు పోయిన ఆదివారము ఆరాధన తరువాత వెళ్లాము. తండ్రి కూర్చుండబెట్టి చాయ్ ఇచ్చాడు. పిల్ల మాత్రము లోపలి గదిలోనుండి బయటికి రాలేదు.