గోధుమ తీసేసినా నిలిచే ఉండలు

తెలుగు బైబిలు చదివినవారికి పస్కా పండుగ, పులియని రొట్టెలు పరిచితమైన మాటలే. ఆ రోజుల్లో యూదుల ఇళ్లలో పులిసిన పిండి అన్నది ఉండకూడదు. పిండిలో నీళ్లు పడ్డాక 18 నిమిషాల్లోపే కాల్చి తీసిన రొట్టె, అంటే మాట్జో, మాత్రమే తింటారు. తూర్పు ఐరోపా యూదులు, అంటే అష్కెనాజీలు, ఆ రొట్టెను రవ్వగా దంచి, గుడ్లూ కోడి కొవ్వూ కలిపి ఉండలు కట్టి, చికెన్ సూప్‌లో వేసుకుని తింటారు.  మాట్జో సాధారణంగా గోధుమతోనే చేస్తారు. అందువల్ల సీలియాక్ జబ్బు ఉన్నవారికి, అంటే గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు తగిలితే సొంత రోగనిరోధక శక్తే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసేవారికి, ఈ గిన్నె అందకుండా పోతుంది. గ్లూటెన్ లేకుండా చేసుకోవచ్చని చెబితే చాలామంది దాన్ని గత్యంతరం లేని సర్దుబాటుగా చూస్తారు. ఆ చూపు సరైనది కాదని నా అభిప్రాయం. ఈ ఉండకు గ్లూటెన్ అవసరం మొదటినుంచీ చాలా తక్కువ.

రొట్టె సంగతి వేరు. గోధుమపిండిని నీళ్లతో పిసికినప్పుడు గ్లూటెన్ సాగే వలలా అల్లుకుంటుంది; పిండి పులిసినప్పుడు పుట్టే వాయువును పట్టి ఉంచి రొట్టెను పొంగించేది ఆ వలే. దాన్ని తీసేస్తే రొట్టె నిజంగానే కూలిపోతుంది. మాట్జో రవ్వ దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. అది అప్పటికే మండే పొయ్యిలో కాలిన రొట్టె పొడి. అందులోని గ్లూటెన్ వేడికి గట్టిపడి, పొడిగా చిట్లిపోయింది. మళ్లీ గుడ్డుతో కలిపినంత మాత్రాన అది కొత్త వల అల్లదు. మరి ఉండ విడిపోకుండా పట్టి ఉంచేదేమిటి? గుడ్డులోని మాంసకృత్తులు ఉడికి గడ్డకట్టడం, రవ్వలోని పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బడం. వినాయక చవితికి మనం చేసే ఉండ్రాళ్లలో గోధుమ ఉండదు, గుడ్డు కూడా ఉండదు. మరుగుతున్న ఎసట్లో ఉడికిన బియ్యపు రవ్వలోని పిండిపదార్థమే వాటిని నిలబెడుతుంది. మాట్జో ఉండలో ఆ పనికి గుడ్డు కూడా తోడవుతుంది. అంటే గోధుమ స్థానంలో వెతకాల్సింది గ్లూటెన్‌కు నకలు కాదు, నీటిని పట్టే పిండిపదార్థమూ కాస్త రవ్వతనమూ.

ఇది ఈ కాలపు ఆహార నిపుణులు కనిపెట్టిన ఉపాయమని అనుకోనక్కర్లేదు. యూదుల్లోనే హసీదీ శాఖకు చెందిన అనేక కుటుంబాలు పస్కా రోజుల్లో మాట్జోకు తడి తగలనివ్వవు. కాలిన రొట్టెలో ఎక్కడైనా పచ్చిపిండి రేణువు మిగిలి ఉంటే, నీళ్లు తగిలి అది పులుస్తుందేమోనన్నది వారి భయం. అలా తడి తగిలిన మాట్జోను గెబ్రోక్స్ అంటారు; 18వ శతాబ్దపు చివరి దశాబ్దాలకే పేరుపొందిన లియాడి ష్నేయుర్ జల్మన్ వంటి గురువులు ఈ పట్టింపును సమర్థించారు. ఆ ఇళ్లలో పండుగ రోజుల్లో మాట్జో రవ్వ ఉండలు పొయ్యెక్కవు. ఇజ్రాయెల్ బయట పండుగను ఎనిమిది రోజులు చేసుకునేవారు చివరి రోజున మాత్రం సడలిస్తారు. మిగతా రోజుల్లో సూప్‌లోకి బంగాళదుంప పిండితోనో, తరిగిన కోడిమాంసంతోనో చేసిన ఉండలు వేస్తారు. ఆ వంటలు పుట్టింది పేగు జబ్బు కోసం కాదు, భక్తి కోసం. అయినా గ్లూటెన్ పడనివారికి కావలసిన దారి అందులోనే సిద్ధంగా ఉంది.

మాట్జో లేకపోతే అది మాట్జో ఉండ ఎలా అవుతుందన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. కానీ ధర్మశాస్త్రం తినమన్నది మాట్జోను. దానితో ఉండలు చేసుకోమని ఎక్కడా చెప్పలేదు. పండుగ తొలిరాత్రి సెడెర్ విందులో ఆ విధిని నెరవేర్చేందుకు గోధుమ, బార్లీ, రై, స్పెల్ట్, ఓట్స్ అనే ఐదు ధాన్యాల్లో ఒకదానితో చేసిన రొట్టె కావాలి. అందుకే సీలియాక్ ఉన్నవారి కోసం గ్లూటెన్ కలవని ఓట్స్‌తో మాట్జో చేస్తున్నారు. కొందరికి ఓట్స్ కూడా పడవు కాబట్టి వైద్యుణ్ణి అడిగి తినాలి. దుకాణాల్లో మాట్జో ఆకారంలో దొరికే కర్రపెండలం, బంగాళదుంప పిండి బిళ్లలు తినడానికి బాగానే ఉంటాయి, వాటితో ఆ విధి మాత్రం తీరదు. విధి రొట్టెది, సూప్ ఇంటి రుచిది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఇక చేసే తీరు. 100 గ్రాముల మెత్తని బాదం పొడి, 60 గ్రాముల బంగాళదుంప స్టార్చ్, రెండు గుడ్లు, ఒక పెద్ద చెంచా కరిగించిన కోడి కొవ్వు లేదా నూనె, అర చెంచా ఉప్పు, మిరియాల పొడి. ఇది మొదలుపెట్టడానికి తగిన కొలత. బాదంలో సగం బరువు దాని నూనెదే కాబట్టి కొవ్వు ఎక్కువ పోయకూడదు. నెయ్యి వాడరు, యూదుల ఆహార నియమం ప్రకారం మాంసంతో పాలపదార్థం కలవకూడదు. స్టార్చ్ నీటిని పట్టి ఉండను బిగిస్తుంది, కానీ ఎక్కువైతే రబ్బరులా సాగుతుంది. బాదం ఆ బిగువును అక్కడక్కడా విరిచి గుల్లతనం తెస్తుంది. బాదం పొడిని ఇంట్లోనే చేసుకుంటే వేడినీళ్లలో నానబెట్టి పొట్టు తీసి, బాగా ఆరాక మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒక్కసారిగా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. కలిపిన ముద్దను రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచడం తప్పనిసరి. పొడి తడిని పీల్చుకోవడానికి, కొవ్వు గట్టిపడటానికి ఆ సమయం కావాలి. చేతులు తడి చేసుకుని నిమ్మకాయ కన్నా చిన్న ఉండలు చేసి, ఉప్పు వేసిన నీళ్లలో, సన్నని సెగ మీద మూతపెట్టి 20 నుంచి 25 నిమిషాలు ఉడికించాలి. నీళ్లు తెర్లితే గుడ్డు గట్టిపడకముందే ఉండ చెదురుతుంది. అందుకే ముందు ఒక్క ఉండ వేసి చూడటం మేలు. విడిపోతే ఇంకో చెంచా స్టార్చ్ కలపాలి. ఉండలను సూప్‌లోనే ఉడికించకపోవడానికి కారణముంది: వదిలిన పిండితో సూప్ మడ్డిగా మారుతుంది. సూప్ మాత్రం ఎముకతో ఉన్న కోడిమాంసం, ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, సోయకూర వేసి రెండు మూడు గంటలు తీరిగ్గా కాగాలి. బాదం పడనివారు తరిగిన కోడిమాంసానికి గుడ్డు, కాస్త స్టార్చ్ చేర్చి ఉండలు చేసుకోవచ్చు. బియ్యప్పిండి, కార్న్‌ఫ్లోర్ కూడా పనికొస్తాయి కానీ అష్కెనాజీ సంప్రదాయం పస్కాలో బియ్యం, మొక్కజొన్న, పప్పులను వద్దంటుంది. వాటికి అనుమతి ఇచ్చినవారూ ఉన్నారు; అమెరికాలోని కన్సర్వేటివ్ శాఖ ధర్మశాస్త్ర సంఘం 2015లో ఆ పని చేసింది.

రుచి ఒకటేనా అంటే కాదనే చెప్పాలి. కాలిన గోధుమకుండే వాసన బాదంలో రాదు. పొడిని కలిపే ముందు కళాయిలో దోరగా వేయిస్తే కొంత దగ్గరికి వస్తుంది, అంతే. కానీ తినేటప్పుడు మెత్తదనం, గుడ్డు రుచి, కోడి కొవ్వు కమ్మదనం, సోయకూర వాసన కలిసి తెచ్చే తృప్తిలో గోధుమ వంతు చిన్నదే.

అసలు ప్రమాదం వంటపద్ధతిలో కాదు, వంటింట్లో పొంచి ఉంటుంది. గ్లూటెన్ లేనిదని చెప్పడానికి ఆహార ప్రమాణాలు పెట్టిన హద్దు కిలోకు 20 మిల్లీగ్రాములు; చపాతీ పీట మీది పొడి ఆ హద్దును దాటించగలదు. కాబట్టి జల్లెడ, చెక్క గరిటె, మిక్సీ జారు గోధుమపిండి తగలనివై ఉండాలి. కొన్ని చికెన్ క్యూబులలో గోధుమ ఉంటుంది. మన ఇళ్లలో ఇంకో చోటు కూడా చూసుకోవాలి: బజారులో దొరికే ఇంగువ పొడిలో చాలావరకు మైదా కలుపుతారు. ఇక ఏ జబ్బూ లేనివారు ఆరోగ్యం కోసమని గ్లూటెన్ మానేయాల్సిన అవసరం నాకు కనిపించదు. సీలియాక్ ఉందేమోనని అనుమానం ఉన్నవారు పరీక్షకు ముందే గోధుమ మానేయకూడదు. తింటున్నప్పుడే రక్తపరీక్షలో ఆ జబ్బు జాడ సరిగ్గా దొరుకుతుంది. ముందు పరీక్ష, ఆ తర్వాతే వంటింట్లో మార్పు.