కుదువ విడిపించడమే విమోచన

"తమ్ముడూ, రక్షణ పొందినావా?"

మా కౌతాళం చుట్టుపక్కల చర్చికి పోయే పిల్లోల్లను ఈ మాట ఒకసారన్నా ఎవరో ఒకరు అడిగింటారు. అడిగితే తల ఊపుతాం. దేన్నుంచి రక్షణ, ఎవరు రక్షించినారు, ఎందుకోసం అని మళ్ల అడిగితే మాత్రం నోరు పెగలదు. నాకూ పెగల్లేదు. రక్షణ, విమోచన రెండూ ఒకటే అనుకుంటా ఏండ్ల తరబడి పాటలు పాడినా. నమ్మేటోళ్లకైనా నమ్మనోళ్లకైనా ఈ మాటల అర్థం తెలిస్తే మేలు. ఎందుకంటే వీటి పేరు చెప్పి డబ్బులు గుంజేటోళ్లు ఫోన్లో దినామూ కనపడతాండారు.

మొదట విమోచన సంగతి. ఇది గుడిలో పుట్టిన మాట కాదు, బజారు మాట. కొత్త నిబంధన రాసింది గ్రీకు భాషలో. అందులో 'లుత్రోన్' అని ఒక మాట ఉంది. బానిసనో, యుద్ధంలో పట్టుబడినోణ్నో విడిపించేదానికి కట్టే సొమ్ముకు ఆ పేరు. తెలుగు బైబిల్లో దాన్నే 'విమోచన క్రయధనము' అన్నారు. మన మాటలో చెప్పాలంటే కుదువ విడిపించే డబ్బు.

కుదువ గురించి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మా యమ్మ కమ్మలు ప్రతి ఏడూ కుదువకు పోయేవి. సుగ్గికి గుంటూరు పక్క మిరప కోతలకు పోయి, తిరిగొచ్చినాక విడిపించుకునేది. ఒక ఏడు తెచ్చిన కూలి డబ్బు వడ్డీకే చాల్లేదు. అప్పుడు మా మామ తన గొర్రెలు రెండు అమ్మి ఆ కమ్మలు తెచ్చి అమ్మ చేతిలో పెట్టినాడు.

ఇందులో మూడు సంగతులు చూడండి. కమ్మలు శేటు బీరువాలో ఉన్నా అవి అమ్మవే. కానీ వాటంతట అవి బీరువా తెరుచుకొని ఇంటికి రాలేవు. అవి వచ్చినాయంటే ఎవరికో నష్టం జరిగింది. విమోచన సిద్ధాంతం మొత్తం ఈ మూడింట్లో ఉంది. మనిషి దేవుని సొత్తు, కానీ పాపం కింద కుదువలో ఉన్నాడు. తనంతట తాను విడిపించుకోలేడు. ఖరీదు ఇంకొకరు భరించినారు.

ఆ ఇంకొకరు ఎవరు? దీనికి పాత నిబంధనలో పద్ధతి ఉంది. లేవీయకాండం 25వ అధ్యాయం ప్రకారం, పేదరికంతో ఒకడు పొలం అమ్ముకున్నా, తన్ను తాను అమ్ముకున్నా, దగ్గరి బంధువు డబ్బు కట్టి విడిపించొచ్చు. విడిపించేటోడు లేకపోయినా 50వ ఏట సునాద సంవత్సరంలో విడుదల కావాల్సిందే. అట్ల విడిపించే బంధువును హీబ్రూలో 'గోయెల్' అంటారు. రూతు కథలో బోయజు చేసింది ఆ పనే. అతని కంటే దగ్గరి బంధువు ఇంకొకడుండె. నా ఆస్తికి నష్టమొస్తాదని వాడు తప్పుకున్నాడు. బోయజు ముందుకొచ్చినాడు.

దేవుడు మనిషిగా ఎందుకు పుట్టాల్సొచ్చిందని క్రైస్తవులను అడిగితే వచ్చే జవాబుల్లో ఇదొకటి: విడిపించాలంటే బంధువు కావాల. మా మామ లాగ.

సరే, ఖరీదు కట్టింది ఎవరికి? ఇక్కడ పండితులే కొట్లాడుకున్నారు. సాతానుకు కట్టినాడని మూడో శతాబ్దంలో ఓరిజెన్ పక్క వాదన. దొంగకు ఎవరన్నా బాకీ కడతారా అని నాలుగో శతాబ్దంలో నజియాంజు గ్రెగరీ దాన్ని తప్పుపట్టినాడు. మనిషి దేవునికి ఇయ్యాల్సిన మర్యాద ఎగ్గొట్టినాడు, ఆ బాకీ క్రీస్తు తీర్చినాడని పదకొండో శతాబ్దం చివర్లో అన్సెల్మ్ రాసినాడు. నాకు తోచింది ఒకటే. కుదువ పోలిక విడుదలకు ఎంత ఖర్చయిందో చెప్తాది. డబ్బు ఎవరి పెట్టెలో పడిందనే కాడికి వచ్చేసరికి ఆ పోలిక ఆగిపోతాది.

ఇంగ రక్షణ. ఇది విమోచన కంటే పెద్ద మాట. గ్రీకులో 'సోతేరియా'. ఆపద నుంచి తప్పించడం, నయం చేయడం, క్షేమంగా చేర్చడం, అన్నీ అందులోకే వస్తాయి. విమోచన తలుపు అయితే రక్షణ ఇల్లు. కమ్మలు ఇంటికొస్తే చాలదు కదా, మళ్ల కుదువకు పోకుండా బతకాల. అందుకే పౌలు ఉత్తరాల్లో రక్షణ మూడు కాలాల్లో కనపడతాది: అయిపోయింది, జరుగుతా ఉంది, రావాల్సుంది.

పక్కనే మంత్రాలయం ఉంది కాబట్టి మోక్షం, రక్షణ ఒకటేనా అని అడగొచ్చు. పోలిక ఉంది. మధ్వ సంప్రదాయంలో కూడా హరి దయ లేకుండా మోక్షం లేదు. తేడా ఏందంటే, మోక్షం పుట్టుక చావుల చక్రం నుంచి విడుదల. క్రైస్తవంలో ఆ చక్రం లేదు. ఒకటే బతుకు, ఆ బతుకును ఒళ్లుతో సహా మళ్ల లేపుతాడని నమ్మకం.

ఇప్పుడు అసలు మాటకొస్తా. వేరేవాళ్లు ఖరీదు కట్టేసినాక మళ్ల నీ దగ్గర ఎవరన్నా డబ్బు అడిగితే అది మోసం. చర్చి కానుక వేరే సంగతి, అది ఇష్టపడి ఇచ్చేది. నూనె సీసా కొను, ఇంత పంపితే నీ శాపం పోతాది అనేటోడు తీరిపోయిన బాకీకి మళ్ల వడ్డీ వసూలు చేస్తాండాడు. 1517లో మార్టిన్ లూథర్ లేచింది ఇట్లాంటి అమ్మకం మీదనే. ఆ కొట్లాటతో చర్చి చీలిపోయింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గులో కాథలిక్కులు, లూథరన్లు కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టినారు. మనిషిని దేవుడు ఒప్పుకునేది అతని పుణ్యం చూసి కాదు, కృపతోనే అని ఇద్దరూ అందులో చెప్పినారు.

అట్లని ఊరికే వచ్చింది కదా అని ఊరికే కూర్చోమని కాదు. యెరికోలో జక్కయ్య సుంకాల గుత్తదారు, జనాన్ని పిండి సంపాదించినోడు. యేసు ముందే అతన్ని పేరు పెట్టి పిలిచి ఇంటికొస్తానన్నాడు. ఆ తర్వాతనే జక్కయ్య సగం ఆస్తి పేదలకిస్తా, మోసం చేసినోళ్లకు నాలుగింతలు తిరిగిస్తా అన్నాడు. ఈ ఇంటికి రక్షణ వచ్చిందని యేసు చెప్పింది ఆ మాట విన్నాక. డబ్బుతో రక్షణ కొన్నాడని కాదు. రక్షణ వచ్చిన ఇంట్లో పక్కోడి సొమ్ము నిలవదని.

మన దేశంలో 1976 చట్టం వెట్టిచాకిరీని రద్దు చేసింది. వెట్టికి కట్టేసిన అప్పు చెల్లదు, దానికింద తాకట్టు పెట్టుకున్న ఆస్తి కూడా తిరిగియ్యాల అని అందులో ఉంది. అయినా అడ్వాన్సు ఇచ్చి మనిషిని కదలనియ్యని మేస్త్రీలు ఇంకా ఉండారు. అట్లాంటోడు ఆదివారం ముందు వరసలో కూర్చొని విమోచన పాట పాడితే, ఆ పాటకు అర్థం వానికి తెలీదనుకోవాల్సిందే.

ఇంగోసారి ఎవరన్నా "రక్షణ పొందినావా?" అంటే తల ఊపే ముందు రొంత ఆగండి. నా కుదువ ఎవరు విడిపించినారు? నా దగ్గర ఎవరి కమ్మలన్నా ఉండాయా? ఈ రెండూ చూసుకొని జవాబు చెప్పండి.